సెడ్రిక్ కట్టిన కొలిమి

హక్నల్ అనే ఇంగ్లీషు ఊళ్ళో ఇళ్ళకి కావలసిన సామానమ్మే యార్డులో లిండన్ హాలమ్ ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. ఇటుకలు, సిమెంటు బస్తాలు, ప్లాస్టరు పలకలు లారీల్లోంచి దించడం, మళ్ళీ లారీల్లోకి ఎక్కించడం, పొద్దస్తమానం అదే పని. ఎంత ఇరుకు సందులోంచైనా బండిని గీత పడకుండా తిప్పుకొస్తాడని అతనికి పేరు. ఆదివారాలు కాలవ గట్టున గాలం వేసుకుని కూచుంటాడని యార్డులో అందరూ అనుకుంటారు. అలా అనుకునేట్టు చేసింది అతనే.

నిజానికి ఆదివారం మధ్యాహ్నాలు లిండన్ మెథడిస్టు చర్చి వెనక గదిలో ఉంటాడు. అక్కడ నలుగురు ఒక పెద్ద బల్ల చుట్టూ చేరి కథలాట ఆడతారు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషై మాట్లాడతారు, పోట్లాడతారు, పాచికలు వేసి గెలుస్తారు, ఓడతారు. లిండన్ అందులో డర్గన్ అనే మరుగుజ్జు కమ్మరి. పెళ్ళయినవాడు, ఆరడుగుల మనిషి, చర్చి వెనక కూచుని గొంతు బొంగురు చేసుకుని "నా సుత్తేదిరా!" అని అరుస్తాడని యార్డులో తెలిస్తే ఇంకేమైనా ఉందా? చిన్నప్పుడు బడిలో ఇలాంటి ఆటల పుస్తకమొకటి సంచీలో దొరికినందుకు ఏడాదంతా ఏడిపించారు. ఆ భయం మనిషి పెరిగినా పోకుండా అలాగే ఉండిపోయింది. అందుకే చేపలు.

అబద్ధం ఒకటి ఆడితే దానికి మేత వేస్తూ ఉండాలి కదా. "ఈ వారం ఏం పడ్డాయిరా?" అని యార్డు పెద్ద రాయ్‌స్టన్ సోమవారం పొద్దున్నే అడిగేవాడు. లిండన్ ఏదో ఒక చేప పేరు చెప్పేవాడు. ఒకసారి రాయ్‌స్టన్ తన పెరట్లో పెంచిన ఎరపురుగులు డబ్బా నిండా తెచ్చిచ్చాడు. లిండన్ ఎంతో సంతోషం నటించి, ఇంటికెళ్ళే దారిలో పొదల్లో వదిలేశాడు.

చర్చి గదిలో కథ నడిపేది సెడ్రిక్ టన్నిక్లిఫ్. డెబ్బై దాటిన మనిషి. బస్సు నడిపి రిటైరయ్యాడు. పెళ్ళి చేసుకోలేదు, అక్క వినిఫ్రెడ్‌తో కలిసి ఉంటాడు. ఆయన నోటితో చెప్పి ఊరుకోడు, కథ జరిగే చోటును చేసి మరీ తెస్తాడు. గోడలకు వేసే ఫోమ్ పలకల్ని వేడి తీగతో కోసి, పెన్సిల్ మొనతో ఒక్కొక్క రాయీ నొక్కి, నలిపిన అల్యూమినియం రేకు ఉండను దొర్లించి గరుకు తెప్పించి, రంగులు వేసి కోటగోడలు కట్టేవాడు. కాఫీ కలిపే పుల్లలు చీల్చితే తలుపులు. వాడేసిన టీ ఆకు ఎండబెట్టి చల్లితే అడవిలో రాలిన ఆకులు. స్నానం చేసే స్పాంజి చింపి పచ్చరంగులో ముంచితే పొదలు. బొటనవేలంత బొమ్మల్ని వాటి మధ్య నిలబెట్టగానే గది మాయమై అక్కడొక ఊరు లేచేది. ఆ ఊళ్ళో ఉన్నంతసేపూ లిండన్‌కి ఇంకేదీ గుర్తుండేది కాదు.

ఒక ఆదివారం సెడ్రిక్ మందం పలకలు దొరకడం లేదని విచారపడ్డాడు.

"మా యార్డులో విరిగినవి బోలెడు పారేస్తారు," అన్నాడు లిండన్. "గురువారం సాయంత్రం వెనక గేటు దగ్గరికి రండి. అప్పటికి అందరూ వెళ్ళిపోతారు."

"వస్తాను డక్. నీకివ్వాల్సింది కూడా ఒకటుంది, అప్పటికి రంగు ఆరిపోతుంది."

కానీ ఆ గురువారం సాయంత్రం వినిఫ్రెడ్‌ని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సొచ్చింది. అందుకని సెడ్రిక్ పొద్దున్నే వచ్చాడు. సరిగ్గా టీ తాగే వేళ. వెనక గేటు మూసుంటే ముందునుంచే వచ్చాడు. రాయ్‌స్టన్, కుర్చీ వెనక్కి వాల్చి కూచున్న కౌంటరు చూసే కెల్విన్, సరుకు దింపడానికొచ్చిన లారీ డ్రైవరూ, లిండన్, అందరూ కౌంటరు దగ్గరే ఉన్నారు.

"ఏమోయ్ డక్!" అన్నాడు సెడ్రిక్, లిండన్‌ని చూసి మొహం విప్పార్చుకుని. చంకలో దారంతో కట్టిన చెప్పుల పెట్టె ఉంది.

ఆ ఊళ్ళో ఎవరు ఎవరినైనా డక్ అనే పిలుస్తారు కాబట్టి ఆ పిలుపుతో పట్టుబడేదేమీ లేదు. అయినా లిండన్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఏం కావాలండీ?" అన్నాడు, ముక్కూమొహం తెలియనివాణ్ణి అడిగినట్టు.

సెడ్రిక్ మొహంలో వెలుగు కాస్త వెనక్కి తగ్గింది. ఆయన బస్సులో ఎన్ని మొహాలు చూసి ఉంటాడు! అర్థం చేసుకోడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఇక్కడ విరిగిన ఫోమ్ పలకలు పారేస్తారని విన్నాను," అన్నాడు.

"ఎవరు చెప్పారు?" అన్నాడు రాయ్‌స్టన్.

సెడ్రిక్ లిండన్ వైపు చూడనైనా చూడలేదు. "ట్రామ్‌లో ఎవరో అనుకుంటుంటే."

"దేనికి తాతా? చలి రాకుండా అటక మీద వేయడానికా?"

"కాదు నాయనా. చిన్న చిన్న ఇళ్ళు చేస్తాను. ఆటకి. మరుగుజ్జులూ రాక్షసులూ ఉండే ఆట."

నవ్వాలో వద్దో ఎవరికీ తేలలేదు. ఆ క్షణాన్ని లిండన్ తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నాడో లెక్కలేదు. ఇంకా ఎవరూ నవ్వలేదు. కాసేపాగితే "అలాగా" అని ఊరుకునేవాళ్ళేమో. కానీ ఆ నిశ్శబ్దంలో అతని చెవులు కాలిపోయాయి. అందరి చూపులూ తిరిగి తిరిగి తన మీదికే వస్తాయనిపించింది.

"మరుగుజ్జులకి ఇల్లు కట్టుకోడానికి బ్యాంకువాళ్ళు లోను ఇచ్చారా తాతా?" అన్నాడు, అని పకపకా నవ్వాడు.

అప్పుడు అందరూ నవ్వారు.

సెడ్రిక్ కూడా నవ్వాడు. "ఇచ్చేట్టు లేరు. పొట్టి సంతకం చెల్లదంటున్నారు," అన్నాడు. ఇంకా నవ్వారు.

"పారేసేవి బయటివాళ్ళకి ఇవ్వడానికి లేదండీ. రూలు," అన్నాడు లిండన్.

"రూలంటే రూలే." సెడ్రిక్ ఒక పూర్తి పలక కొన్నాడు. చెప్పుల పెట్టెను కౌంటరు మీద పెట్టాడు. "ఇదిక్కడే ఉంచేస్తున్నాను. ఈ పలకతో చేతులు ఖాళీ ఉండవు. ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకోండి," అన్నాడు ఎవరినీ చూడకుండా.

ఆ రోజు గాలి బాగా ఉంది. తనకంటే పొడుగున్న పలకను పట్టుకుని ఆయన ట్రామ్ స్టాపు దాకా నడవడం లిండన్ కిటికీలోంచి చూశాడు. గాలి వీచినప్పుడల్లా పలక తెరచాపలా తిరిగి ఆయన్ని రోడ్డు మీదికి తోస్తోంది. యార్డు బండి ఖాళీగానే ఉంది. లిండన్ కదల్లేదు.

"ఏముందో చూద్దాం," అని రాయ్‌స్టన్ దారం తెంపాడు.

పెట్టెలో ఉన్నది కొలిమి. లిండన్‌కి చూడగానే తెలిసింది. డర్గన్ కొలిమి. ఎన్నో ఆదివారాలుగా ఆటలో నోటితో చెప్పుకుంటూ వచ్చిన ఇల్లు, వంకర పొగగొట్టం, పెంకు పగిలిన కప్పు, గుమ్మం పక్కన నీళ్ళ తొట్టి, గుమ్మం మీద చిన్న సుత్తి గుర్తు, ఒక్కటీ మరిచిపోకుండా చేశాడు. గుమ్మంలోంచి లోపల నిప్పు మండుతున్నట్టు నారింజ రంగు కనపడుతోంది.

"ఓరి నాయనో, ఆ గొట్టం చూడండి!" అన్నాడు కెల్విన్ మెల్లగా. "మసి కూడా వేశాడు."

నిజంగానే అందరూ ముందుకి వంగి చూశారు. లిండన్ ఆ మాటకైనా నోరు విప్పి ఉండొచ్చు. మా ఇంటికి తీసుకెళ్తానని ఊరికే అన్నా చాలేది. ఎవరూ ఎందుకని అడగరు. కానీ ఆ పెట్టెను తాకితే తన పేరు దాని మీద కనపడుతుందేమోనన్నట్టు చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

రాయ్‌స్టన్ కొలిమిని బయటికి తీసుకెళ్ళి సిమెంటు నేల మీద పెట్టాడు. "లిండన్! వీడు వాయిదాలు కట్టలేదట. ఇల్లు పడగొట్టేయ్!"

జోకు తనదే. దాన్ని రాయ్‌స్టన్ కాస్త ముందుకి లాగాడు, అంతే. అందరూ నవ్వుతూ చూస్తున్నారు. కెల్విన్ ఫోను తీసి వీడియో పట్టాడు. లిండన్ ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కాడు. హారను కూడా కొట్టాడు, తమాషాకి. ముందు చక్రాన్ని సరిగ్గా కొలిమి మీదికి ఎక్కించాడు. గురి తప్పలేదు.

పెద్ద చప్పుడేమీ కాలేదు. ఎండు రొట్టె విరిగినట్టు వినపడింది, అంతే. తర్వాత తనే చీపురు తెచ్చి, కింద చూడకుండా ఊడ్చి, చెత్త తొట్టిలో పోశాడు.

ఆదివారం చర్చి గదికి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. వెళ్ళకపోతే ఇంకా అనుమానమని వెళ్ళాడు. సెడ్రిక్ ఎప్పటిలాగే ఉన్నాడు. ఎప్పటిలాగే కథ నడిపాడు. ఆట మధ్యలో టీ పెట్టుకునేటప్పుడు వంటగదిలో ఇద్దరే మిగిలారు.

"ఆ రోజు వేళ కాని వేళ వచ్చాను," అన్నాడు సెడ్రిక్, కప్పులు తుడుస్తూ. "చెప్పిన టైముకి రావాల్సింది. తప్పు నాదే."

లిండన్ టీ నీళ్ళ వైపు తిరిగాడు. "అబ్బే, అదేం లేదు," అన్నాడు.

"పెట్టె నీకు చేరిందా?"

"ఆ. చేరింది."

"బావుందా?"

"చాలా బావుంది. ఇంట్లో అల్మరా మీద పెట్టాను."

"హమ్మయ్య! వాళ్ళెవరైనా పట్టుకుపోతారేమోనని భయపడ్డాను." సెడ్రిక్ మొహం మళ్ళీ వెలిగింది. "పై వారం ఊళ్ళో తిరునాళ్ళు, ఆట లేదు కదా. ఆ తర్వాతి ఆదివారం తీసుకురా. కథ నీ గుమ్మం దాకా వచ్చేస్తోంది. కొండదొంగలు కొలిమి మీద పడతారు."

"అలాగే," అన్నాడు లిండన్.

ఆ మాట అనకుండా ఉండగలిగితే కథ అక్కడే అయిపోయేది. కానీ నిజం చెప్పడం కంటే ఇంకో కొలిమి కట్టడమే తేలికనిపించింది అతనికి.

తోటలోని చెక్కగదిలో మొదలుపెట్టాడు. పనినుంచి రాగానే అందులో దూరేవాడు. యార్డులో పారేసిన పలకలు తెచ్చుకున్నాడు. రూలని చెప్పి సెడ్రిక్‌కి ఇవ్వనివే. భార్య బ్రయొనీ తొంగిచూసి ఆశ్చర్యపోయింది.

"నువ్వు చేత్తో ఏదైనా చేయడం ఇదే మొదటిసారి చూడటం," అంది. "ఎవరికి?"

"ఆటకి."

"సెడ్రిక్ గారు నేర్పుతున్నారా? ఆయనంటే నాకెంత ఇష్టమో! ఒకసారి భోజనానికి పిలవరాదూ?"

లిండన్ పిలుస్తానన్నాడు.

మొదటి గోడకి రాళ్ళు నొక్కడానికే వేళ్ళు నొప్పెట్టాయి. అన్నీ ఒకేలా వచ్చి రాళ్ళలా కాక బిస్కెట్లలా కనపడ్డాయి. తొందరకొద్దీ డబ్బా స్ప్రే రంగు కొట్టాడు. ఆ రంగులో ఉన్న మందుకి ఫోమ్ సలసలమంటూ కరిగి, కళ్ళ ముందే గోడ గుంటలు పడి కుంగిపోయింది. కుష్ఠు పట్టినట్టయింది. తీసిపారేసి మళ్ళీ మొదలుపెట్టాడు.

కొలిమి ఎలా ఉందో సరిగ్గా గుర్తు లేదు. చూసింది ఎంతసేపని! చివరికి కెల్విన్‌ని అడిగాడు.

"ఆ వీడియో ఉందా? ఆ రోజుది?"

"ఎందుకు?"

"ఊరికే. నవ్వుకోడానికి."

కెల్విన్ అతని వైపు ఒక నిమిషం చూసి పంపాడు.

చెక్కగదిలో ఫోనును గోడకి ఆనించి లిండన్ ఆ వీడియో చూశాడు. పొగగొట్టం ఏ వైపు వంగిందో, తొట్టి గుమ్మానికి ఎంత దూరమో చూడాలంటే చక్రం దగ్గరికొచ్చే చోట ఆపాలి. ఆపేవాడు. కళ్ళు దగ్గరగా పెట్టి చూసేవాడు. ఒక్కోసారి వేలు జారి ఆగేది కాదు. అప్పుడు హారను వినపడేది. దాని వెనక తన నవ్వు. అది తన నవ్వులా లేదు. బడిలో అతన్ని ఏడిపించినవాళ్ళు అచ్చం అలాగే నవ్వేవాళ్ళు. శబ్దం తీసేసి చూడటం మొదలుపెట్టాడు. అయినా వినపడుతూనే ఉంది.

చెప్పిన ఆదివారానికి కొలిమి తయారైంది. దూరంనుంచి చూస్తే పరవాలేదు. గోడలు, గొట్టం, తొట్టి, గుమ్మం మీద సుత్తి, గుమ్మంలో నారింజ రంగు, అన్నీ ఉన్నాయి. కప్పు ఊడిపోకుండా నాలుగు వైపులా జిగురు దట్టంగా పట్టించాడు.

నస్రీన్, ఫర్గస్ అప్పటికే వచ్చి కూచున్నారు. నస్రీన్ మందుల షాపులో పనిచేస్తుంది, ఆటలో విలుకత్తె. ఫర్గస్ పోస్ట్‌మాన్, ఆటలో మంత్రగాడు. లిండన్ కొలిమిని బల్ల మీద పెట్టగానే ఇద్దరూ ఒక్కసారే "అబ్బ!" అన్నారు.

"సెడ్రిక్, మీరు చేసినవాటన్నిట్లోకీ ఇదే గొప్పది," అంది నస్రీన్.

సెడ్రిక్ కళ్ళజోడు సర్దుకుని కొలిమిని చూశాడు. కొంచెం ఎక్కువసేపే చూశాడు. లిండన్ బల్ల అంచు పట్టుకున్నాడు.

"బావుంది," అన్నాడు సెడ్రిక్. "మొదలుపెడదామా?"

కొండదొంగలు వాగు దాటారు. ఫర్గస్ మంత్రం పారలేదు. నస్రీన్ బాణాలు అయిపోయాయి. తరుముకొస్తున్నారు, తరుముకొస్తున్నారు.

"డర్గన్! లోపలికి పద! తలుపేసుకుందాం!" అని అరిచింది నస్రీన్.

"సరే, ముగ్గురూ కొలిమిలోకి దూరారు," అన్నాడు సెడ్రిక్. "లోపల ఏముందంటే..." అంటూ, పిల్లల ముందు కానుక విప్పబోయేవాడిలా నవ్వుతూ, పొగగొట్టాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని కప్పు పైకెత్తాడు.

కప్పు రాలేదు. ఇల్లంతా లేచింది.

ఆయన చేయి గాలిలో ఆగింది. ఇంటి అడుగున ఉత్త ఫోమ్, అక్కడక్కడ కారి ఎండిన జిగురు. నస్రీన్, ఫర్గస్ ఆయన వంక చూస్తున్నారు. లిండన్ తన ఒళ్ళోకి చూసుకుంటున్నాడు. అసలైన కొలిమికి కప్పు తీసే వీలుందని, లోపల ఇంకేదో ఉందని, అతనికి ఆ క్షణం దాకా తెలియదు. పడగొట్టే ముందు లోపల ఏముందో చూడలేదు. ఊడ్చేటప్పుడూ చూడలేదు.

సెడ్రిక్ ఇంటిని నెమ్మదిగా బల్ల మీద దించాడు. గొంతు సవరించుకున్నాడు.

"లోపల ఏమీ లేదు. దొంగలు ముందే వచ్చిపోయారు," అన్నాడు. "దూలాలు కాలి కప్పు కూలింది. లోపలికి పోయే దారి లేదు. వాకిట్లోనే నిలబడి పోరాడాలి మీరు. డర్గన్, పాచిక వెయ్యి."

లిండన్ పాచిక వేశాడు. ఇరవై ముఖాల పాచికలో ఇరవయ్యే పడింది. అన్నిటికన్నా పెద్ద దెబ్బ. ఫర్గస్ బల్ల గుద్ది కేక వేశాడు. నస్రీన్ లిండన్ భుజం మీద కొట్టింది. డర్గన్ ఒక్కడే దొంగల నాయకుణ్ణి కూల్చి ఊరిని కాపాడాడు. సెడ్రిక్ ఆ గెలుపును ఏ లోటూ లేకుండా చెప్పాడు. ఊరివాళ్ళు డర్గన్‌ని భుజాల మీద మోశారన్నాడు. లిండన్ మొహం పైకెత్తలేకపోయాడు.

ఆట అయ్యాక నస్రీన్, ఫర్గస్ వెళ్ళిపోయారు. కుర్చీలు ఒకదాని మీదొకటి పేరుస్తూ సెడ్రిక్ అడిగాడు.

"నాదెక్కడుంది లిండన్?"

ఎప్పుడూ డక్ అనే మనిషి పేరు పెట్టి పిలిచాడు.

"లేదు."

"వాళ్ళు విరగ్గొట్టారా?"

అవునంటే సరిపోయేది. సెడ్రిక్ ఆ మాటను తనే అందించాడు, తీసుకోమన్నట్టు. లిండన్‌కి ఆశ కూడా పుట్టింది. పుట్టినందుకు ఇంకా సిగ్గేసింది.

"నేనే," అన్నాడు. "ఫోర్క్‌లిఫ్ట్‌తో. కింద పెట్టి తొక్కించమన్నారు. తొక్కించాను."

"బలవంతం చేశారా?"

"లేదు. అన్నారు, అంతే. నేనే చేశాను. హారను కూడా కొట్టాను."

సెడ్రిక్ చేతిలో కుర్చీని పేర్చలేదు. దాన్ని నేల మీద పెట్టి, దాని మీదే కూచున్నాడు.

"లోపల ఏముంది?" అన్నాడు లిండన్.

"ఏముంటుంది? దాగలి. కొలిమి తిత్తి. రెండు మంచాలు."

"రెండెందుకు?"

"డర్గన్ తమ్ముడు గనిలో పోయాడన్నావుగా, ఆట మొదట్లో. నువ్వే అల్లావు. వాడి మంచం కూడా ఉంచుకుంటాడనిపించింది. దుప్పటి మడతపెట్టి పెట్టాను."

లిండన్ ఎప్పుడో నోటికొచ్చినట్టు అన్న మాట అది. తనే మరిచిపోయాడు.

"క్షమించండి సెడ్రిక్."

"నువ్వు నన్ను తెలియదనడం నాకు కష్టమనిపించలేదు," అన్నాడు సెడ్రిక్. "కొత్తేం కాదు. బస్సు డిపోలో ఏళ్ళ తరబడి నేనూ చెప్పుకోలేదు. నవ్వడం కూడా కొత్త కాదు. కానీ ముందు నవ్వింది నువ్వు. వాళ్ళు ఇంకా నవ్వలేదు. నేను చూస్తూనే ఉన్నాను. వాళ్ళకి నవ్వమని నేర్పింది నువ్వు."

లిండన్ తల వంచుకుని తన కొలిమిని పక్కకి జరిపాడు.

సెడ్రిక్ లేచి కోటు వేసుకున్నాడు. "కొన్నాళ్ళు కథ చెప్పాలని లేదు నాకు. నాకు జలుబని వాళ్ళిద్దరికీ చెప్పు." గుమ్మం దాకా వెళ్ళి తిరిగాడు. "కాదు. ఉన్నదే చెప్పు. ఇంకో అబద్ధం ఎందుకు మనకి?"

లిండన్ ఉన్నదే చెప్పాడు. ఫర్గస్ ఫోనులో "ఓహో" అని, ఏమనాలో తెలియక పెట్టేశాడు. నస్రీన్ దుకాణం బయట నిలబడి అంతా విన్నది.

"మా అన్నయ్యలు నన్ను ఎంత ఏడిపిస్తారో తెలుసా?" అంది. "రాక్షసి వెళ్తోంది రాక్షసుల్ని చంపడానికంటారు. అననీ. కానీ ఆయన్ని దారిలో చూసి ఎవరో తెలియదని నేనేనాడూ అనలేదు." కాస్తాగి, "నాకు కోపం తగ్గడానికి టైము పడుతుంది," అని లోపలికెళ్ళిపోయింది.

యార్డులో చెప్పడానికి ఇంకా భయపడ్డాడు. టీ వేళ కప్పు కింద పెట్టి, నేల చూస్తూ, అంతా ఒక్క గుక్కలో అనేశాడు. ఆ ముసలాయన తన స్నేహితుడని, తను ఆడేది ఆ ఆటేనని, కాలవకెప్పుడూ వెళ్ళలేదని.

రాయ్‌స్టన్ బిస్కెట్టు నములుతూ విన్నాడు. "అయితే ఏంట్రా?" అన్నాడు. "మా బావమరిది అటక నిండా బొమ్మ రైళ్ళు పెట్టుకున్నాడు. టోపీ పెట్టుకుని ఈలేస్తాడు కూడా. ఎవడి పిచ్చి వాడిది."

"అతన్ని ఏమీ అనవా?"

"అంటాను, రోజూ అంటాను. అయితే మాత్రం?" అప్పుడు అతనికి ఇంకోటి తట్టింది. నమలడం ఆపాడు. "ఆగాగు. మరి నేనిచ్చిన పురుగులు?"

"పొదల్లో వదిలేశాను," అన్నాడు లిండన్.

"నీకోసం ఊక మార్చి మార్చి పెంచానురా వాటిని," అన్నాడు రాయ్‌స్టన్. అతని గొంతులో నిజంగానే నొప్పుంది. "ఆ పెద్దాయన నీ మనిషని ఒక్క ముక్క చెప్తే, పలకలు నా బండిలో ఇంటికి దింపి వచ్చేవాణ్ణి కదా."

కెల్విన్ కిటికీ వైపు చూస్తూ, "వీడియో అడిగినప్పుడే అర్థమైంది నాకు," అన్నాడు. "తీసేశాను దాన్ని."

ఏళ్ళ తరబడి దేనికి భయపడ్డాడో అది ఎక్కడా లేదు. ఒక ముసలాయన్ని కాళ్ళ కింద వేసి కాపాడుకున్న పరువు ఎవరికీ అక్కర్లేనిదని తేలింది. ఎవరైనా పడీపడీ నవ్వి ఉంటే లిండన్‌కి కాస్త తేలిగ్గా ఉండేది.

శనివారం రాయ్‌స్టన్ మంచి పలకలే ఏరి బండికెత్తించాడు. లిండన్ వాటిని సెడ్రిక్ ఇంటికి తీసుకెళ్ళాడు. తలుపు తీసింది వినిఫ్రెడ్. చిన్న మనిషి, మందపాటి కళ్ళద్దాలు.

"ఎవరు?"

"లిండన్‌నండీ. సెడ్రిక్ గారికి పలకలు..."

"ఓ, నువ్వేనా అది," అందావిడ. పక్కకి జరిగింది, రమ్మనలేదు.

ముందు గదిలో సెడ్రిక్ ఇస్త్రీ బల్ల మీద పనిచేసుకుంటున్నాడు. ఒక పొడుగాటి నగర ప్రాకారం, ఇంకా తెల్లగా, నున్నగా ఉంది. లిండన్ పలకల్ని గోడకి ఆనించి అలాగే నిలబడ్డాడు. సెడ్రిక్ అతన్ని చూశాడు, పలకల్ని చూశాడు. చాలాసేపు పని చేసుకున్నాడు. తర్వాత ఒక పెన్సిలు తీసి బల్ల అవతలి అంచున పెట్టాడు.

"రాళ్ళు నొక్కాలి. చాలా ఉన్నాయి. అన్నీ ఒకేలా నొక్కకు, నీ గోడ బిస్కెట్ల పొట్లంలా ఉంది."

లిండన్ కూచుని నొక్కడం మొదలుపెట్టాడు. వినిఫ్రెడ్ టీ తెచ్చి లిండన్ ముందు కప్పును ఠక్కున పెట్టింది. టీ సాసర్లోకి తొణికింది.

"పోనీలే విన్నీ," అన్నాడు సెడ్రిక్.

"పోనివ్వను," అందావిడ. "యార్డునుంచి వచ్చిన రోజు నిన్ను నువ్వు చూసుకోలేదుగా. నేను చూశాను. కోటు కూడా విప్పకుండా మెట్ల మీద కూచుని, అతగాడికి పాపం పని దగ్గర ఇబ్బందైందేమో, నేనే తొందరపడ్డానేమో అని ఒకటే గొణుగుడు. ఈ కళ్ళతో ఎంత కనపడుతుందో అంతా చూశాను."

సెడ్రిక్ చెవులు ఎర్రబడ్డాయి. ఆయన కుంచె కడుక్కోవడానికి తల వంచుకున్నాడు.

లిండన్‌కి లేచి వెళ్ళిపోవాలనిపించింది. క్షమించమని ఇంకోసారి అందామనుకున్నాడు కానీ, అది తన బరువు దించుకోడానికే తప్ప ఆవిడకెందుకూ పనికిరాదని తోచింది. సాసర్లోకి ఒలికిన టీని కప్పులో పోసుకుని తాగాడు. వినిఫ్రెడ్ కుర్చీ లాక్కుని, అల్లిక ఒళ్ళో పెట్టుకుని, అక్కడే, అతనికి ఎదురుగానే కూచుంది.

లిండన్ పెన్సిలు తీసుకుని పని కొనసాగించాడు. ఒక పెద్ద రాయి, పక్కన చిన్నది, దాని కింద బీటలు వారింది ఒకటి. కిటికీలోంచి ఎండ పక్కకి తిరిగేసరికి గోడ సగం కూడా కాలేదు.